మూసిన కిటికీల పాట

అనుష్కకి టికెట్ బుక్ అయిపోయింది. ఆదివారం ఫ్లైట్. తెలిసినవాళ్లెవరో హైదరాబాద్ వెళ్తుంటే వాళ్లకి అప్పజెప్పి పంపిస్తున్నారు. అటునుంచి కరీంనగర్, అమ్మమ్మ దగ్గరికి. మళ్లీ ఎప్పుడు రావాలో ఎవరూ అనుకోలేదు.

వసుమతి సూట్‌కేస్ సర్దుతోంది. కూతురితో మాట్లాడి తొమ్మిది రోజులైంది.

జరిగింది చూస్తే చిన్నదే. పాలు ఒలకబోసిందని అట్లకాడతో చేతి మీద ఒక్కటి వేసింది. ఎనిమిదేళ్ల పిల్ల వెళ్లి స్కూల్లో టీచరుతో చెప్పేసింది. మూడోరోజు మెడలో కార్డు వేసుకుని, పిల్లల సంరక్షణ శాఖ నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చి తలుపు తట్టింది. ఫ్రిజ్ తెరిచి చూసింది. పిల్ల చొక్కా చేతులు పైకి మడిచి చూసింది. మళ్లీ వస్తానని చెప్పి మరీ వెళ్లింది.

అప్పట్నుంచి మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, వసుమతి లేచి కిటికీలు మూసేస్తోంది.

“ఒక్క మాటకి పిల్లని పంపించేస్తమా?” అన్నాడు భర్త జితేందర్.

“వాళ్లొచ్చి పిల్లని తీస్కపోతే ఏం చేస్తరు? ఇంగ్లీష్‌ల మాట్లాడి తీస్కొస్తరా? రేపు దీని నోటికి ఇంకేం వస్తదో!”

జితేందర్ ఆఫీస్‌కి వెళ్లిపోయాడు.

కింద వాటాలో వేరా ఆంటీ ఉంటుంది. రష్యా మనిషి. ఎనభై దాటాయి. అనుష్కకి రెండేళ్లుగా పియానో నేర్పుతోంది. సంగతి తెలిసి రొప్పుకుంటూ పైకి వచ్చింది.

“శనివారం దాకా ఉంటుంది కదా? నాకు అది చాలు,” అంది.

శనివారం లైబ్రరీలో కచేరీ. వేరా ఆంటీ వాళ్ల నాన్న మాస్కోలో సంగీతం రాసేవాడట. అప్పట్లో కొత్త రకం సంగీతం అది. తర్వాత సర్కారుకి నచ్చలేదు. కాగితాలన్నీ పట్టుకుపోయారు. ఆయన పేరు పాత కచేరీల పట్టీల్లో మిగిలింది గానీ, ఆ సంగీతం ఎలా ఉంటుందో చెప్పగలిగినవాళ్లు భూమ్మీద లేరు, ఈవిడ తప్ప. చెవిలో ఉన్నదాన్ని ఒక్కో ముక్కా గుర్తు తెచ్చుకుని కాగితం మీద పెట్టేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. ఇప్పుడు వాయించాల్సింది అనుష్కే.

లైబ్రరీ వాళ్లు కరపత్రంలో ‘తండ్రి సంగీతాన్ని బతికించిన కూతురు’ అని వేశారు. వేరా ఆంటీ పెన్ను తీసుకుని ఆ లైను కొట్టేసింది.

శుక్రవారం స్కూలు అయ్యాక ఆఖరి ప్రాక్టీసు. వసుమతి కూడా వెళ్లి సోఫా అంచున కూర్చుంది. మొదట్లో గిన్నెలన్నీ ఒక్కసారి కిందపడ్డట్టుంది. కాసేపటికి ఆ మోతలోంచి సన్నటి రాగం ఒకటి పైకి లేచింది. ఎక్కడికో పోతూ పోతూ చటుక్కున ఆగిపోయింది.

“మర్చిపోయిందా?” అంది వసుమతి కంగారుగా. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే కాబట్టి ఒకరి మాట ఒకరికి బాగా తెలుస్తుంది.

“లేదు. ఉన్నదే అంత. నాన్న అక్కడిదాకా రాశాక తలుపు కొట్టారు.”

“తర్వాత?”

“తర్వాత ఏముంది? తీసుకుపోయారు. తిరిగి రాలేదు.”

అనుష్క చేతులు ఒళ్లో పెట్టుకుని వింటోంది.

“ఎందుకు వాయించాలి ఆంటీ, వద్దన్నాక?” అంది వసుమతి.

“కిటికీలన్నీ మూసే వాయించేవాడు. తీగల మీద కంబళి కప్పేవాడు. ఇంట్లో వాళ్లకే సరిగ్గా వినపడేది కాదు.”

“మరి వాళ్లకెలా తెలిసింది?”

వేరా ఆంటీ కాసేపు కాగితాలు సర్దింది.

“గోడకి అవతల ఒకావిడ ఉండేది. ఆవిడే చెప్పిందని అమ్మ నమ్మింది. చచ్చేదాకా మళ్లీ ఆవిడ మొహం చూడలేదు. అమ్మని చూసి బిల్డింగంతా ఆవిడతో మాట మానేసింది. రొట్టెల క్యూలో కూడా దూరంగా నిలబడేవాళ్లు.”

“మంచిపని చేశారు,” అంది వసుమతి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి కూతురి వైపు తిరిగింది.

“ఇన్నవానే? నోరు ఆగకపోతే గట్లయితది. ఇల్లే మునిగిపోతది!”

అనుష్క పియానో ముందు నుంచి లేచి నిలబడింది. “సారీ మమ్మీ. మా టీచర్ నైస్‌గా అడిగింది, అందుకే...”

వేరా ఆంటీకి తెలుగు రాదు. అయినా లేచి వచ్చి వసుమతి మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ ముసలిచేతికి అంత బలం ఎక్కడిదో!

“పాపం ఆ గోడవతలావిడకేం తెలియదు వాసూ, మా టీచరు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని మీ నాన్న ఇంట్లో ఏం వాయిస్తాడమ్మా అని ముద్దుగా అడిగితే, మురిసిపోయి మొత్తం పాడి వినిపించింది నేనే.”