ఫోనావిడ

పేలుడు దుమ్ము ఇంకా కిందికి దిగనే లేదు, క్వారీ మేస్త్రి జేబులో ఫోన్ మోగింది.

"మీ ఫోనావిడే అయ్యుంటుంది, మేస్త్రీ," అన్నాడు లారీ డ్రైవరు.

పనివాళ్లు ముసిముసిగా నవ్వారు. మేస్త్రి విసుగ్గా ఫోన్ ఎత్తాడు.

"ఇప్పుడు పేల్చింది మీరేనాండీ?"

అదే గొంతు. అదే ప్రశ్న.

"మేమేనమ్మా. మీ ఇంటి గోడలు బీటలిచ్చాయా ఏమిటి?"

"అబ్బే, ఊరికే అడిగాను."

కొండ పేల్చిన ప్రతిసారీ ఇదే వరస. ఎవరమ్మా మీరంటే "దూరంగా ఉంటాను లెండి" అనేది. అడిగింది తెలిశాక కూడా వెంటనే పెట్టేసేది కాదు. ఇంకేదో మాట్లాడబోయి మానుకున్నట్టు కాసేపు ఊపిరి వినిపించేది.

భార్య పోయాక మేస్త్రి క్వారీ షెడ్డులోనే ఉంటున్నాడు. అతనికి ఫోన్ చేసే మనిషి ఆవిడొక్కతే. అయినా ఆవిడంటే ఒళ్లుమంట.

ఒకరోజు యజమాని తొందరపెట్టాడు. రాతిలో తొలిచి మందు కూరిన బెజ్జాలను ఒకదాని తర్వాత ఒకటి పేల్చాలన్నది నియమం. మేస్త్రి అన్నింటినీ ఒక్క దెబ్బకు పేల్చేశాడు.

దేశ సరిహద్దులో ఉన్న ఆ కొండంతా అదిరింది. షెడ్డు రేకులు గలగలమన్నాయి.

ఫోన్ మోగింది.

"పేల్చింది మీరేనా?" ఈసారి గొంతులో కంగారు.

ఎవరికైనా ఫిర్యాదు చేస్తుందేమోనని మేస్త్రి భయపడ్డాడు.

"మేం కాదమ్మా. ఇవాళ పనే లేదు."

"బాబూ, బాగా ఆలోచించి చెప్పండి."

"కాదన్నాను కదా."

ఆవిడ వెంటనే పెట్టేసింది. అలా పెట్టేయడం అదే మొదటిసారి.

ఆ రోజే, ఎండ మండిపోతున్న వేళ ఒక ముసలావిడ రాళ్ల బాట ఎక్కి వచ్చింది. తెగిన చెప్పు చేతిలో ఉంది. నోరు తెరవగానే మేస్త్రి గుర్తుపట్టాడు.

"ఎక్కడ పేల్చారు?"

"మేం కాదని చెప్పాగా."

ఆవిడ వినిపించుకోలేదు. కొత్తగా విరిగిన రాళ్ల దగ్గరికి వెళ్లి, ఒకటి తీసి వాసన చూసింది. కాలిన మందు వాసన.

"అన్నీ ఒకేసారా?"

మేస్త్రి తల దించుకున్నాడు.

"అవునమ్మా. పైకి తెలిస్తే నా పని పోతుంది."

"మీరే. అమ్మయ్య, మీరే," అంటూ ఆవిడ ఆ రాళ్ల మీదే కూలబడి కళ్లు తుడుచుకుంది.

పిచ్చిదేమో అనుకున్నాడు మేస్త్రి.

ఆవిడ అతని ఫోన్ అడిగి తీసుకుంది. "మనదే. క్వారీ. నా కళ్లతో చూశాను," అని ఎవరికో చెప్పి తిరిగిచ్చేసింది.

మంచినీళ్లు తాగి, షెడ్డు లోపలికి చూసింది. పొయ్యి మీద టీ మరుగుతోంది.

"ఇక్కడ నీడ బాగుంది," అంది.

మేస్త్రి కూర్చోమనలేదు.

ఆవిడ కుంటుకుంటూ ఒక్కతే కొండ దిగిపోయింది.

ఆ తర్వాత ఆవిడ ఎప్పుడు ఫోన్ చేసినా మేస్త్రి అబద్ధం చెప్పలేదు. ఒకసారి ఉండబట్టలేక, "భోంచేశారా అమ్మా?" అని కూడా అడిగాడు.



"నన్ను ఎవరైనా ఆ మాట అడిగి ఎన్నాళ్లయిందో బాబూ," అంది ఆవిడ.

కొన్నాళ్లకు ఫోన్లు ఆగిపోయాయి. కొండ పేలుతూనే ఉంది. దుమ్ము దిగేదాకా మేస్త్రి ఫోన్ చేత్తో పట్టుకుని నిలబడేవాడు. పనివాళ్లు ఇప్పుడు నవ్వడం లేదు.

ఒకనాడు తనే ఆ నంబరుకు చేశాడు. ఎవరో మగ గొంతు పలికింది.

"క్వారీ మేస్త్రినండీ. ఇప్పుడు పేల్చింది మేమే. అమ్మగారికి చెబుతారా?"

"ఆవిడ పోయారండీ. యంత్రాల ముందు కూర్చున్నారు, కూర్చున్నట్టే పోయారు. మాకు కబురు చెయ్యడానికి చుట్టాలు కూడా దొరకలేదు."

మేస్త్రి షెడ్డు గుమ్మంలో కూర్చుండిపోయాడు.

"ఏం పని చేసేవారండీ ఆవిడ?"

"భూమి అదిరితే మా యంత్రాలకు తెలుస్తుంది. అదిరించింది ఎవరో తేల్చేది ఆవిడ."

అవతలి మనిషి గొంతు తగ్గించాడు.

"మీరు కాదన్న ఆ రోజు, పొరుగు దేశం భూమి లోపల అణుబాంబు పేల్చి చూసుకుందనుకుని మనవాళ్లు యుద్ధ విమానాలు సిద్ధం చేసేస్తే, ఒక్క పూట ఆగమని బతిమాలి మీ కొండకు వచ్చి ఆపింది ఆవిడేనండీ."