సౌడర్ల దుంగల ఇల్లు

వెర్డీ సౌడర్ వస్తోందని తెలిసినప్పటి నుంచీ డోర్సీకి కంటిమీద కునుకు లేదు.

అమెరికాలో బ్లూ రిడ్జ్ కొండదారి పక్కనున్న ఆ దుంగల ఇంటికి అతడే కాపలా, చూడవచ్చినవాళ్లకి దాని కథ చెప్పేదీ అతడే. ఆకులు ఎర్రబడే రోజుల్లో కార్లు బారులు తీరేవి. "ఈ ఒక్క గదిలోనే ఓ తల్లి తొమ్మిదిమందిని సాకింది. రోడ్డు కోసం ఆమెను వెళ్లగొట్టారు" అని డోర్సీ చెబుతుంటే వచ్చినవాళ్లు కళ్లు ఒత్తుకునేవారు.

వెళ్లగొట్టింది తన తాతేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు. రోడ్డు పనికి ఆయన మేస్త్రీ. బతికినన్నాళ్లూ ఇటుగా వస్తే మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఆ పాపం కొంతైనా కడుక్కుందామనే డోర్సీ ఈ కొలువులో చేరాడు. రోజూ నేల తుడిచేవాడు. చెక్క ఊయలలో దుప్పటి మడత నలగనిచ్చేవాడు కాదు.

వెర్డీ ఆ తల్లి ఆఖరి కూతురు. చేతికర్ర పొడుచుకుంటూ లోపలికొచ్చింది. మంచం చూసింది. ఊయల చూసింది. పొయ్యి దగ్గర ఆగిపోయింది.

"ఈ పొయ్యెవరు కట్టారబ్బాయ్?"

"పాతది పడిపోయిందేమో పెద్దమ్మా. రోడ్డు వాళ్లే కట్టించారట."

"బాగానే కట్టారు" అంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదిలిపోతున్నాయి.

డోర్సీ ఇక ఉగ్గబట్టుకోలేకపోయాడు. టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"మీ అమ్మని ఈ ఇంట్లోంచి గెంటింది మా తాతే, పెద్దమ్మా. ఆయన బదులు నన్ను తిట్టండి. పడతాను."

వెర్డీ కళ్లు తుడుచుకుని మెల్లగా మంచం అంచున కూర్చుంది.

"మీ తాతనేం అంటాం? పైవాళ్లు చెప్పింది చేశాడు. కూలగొడుతున్నప్పుడు ఆయనా ఏడ్చాడు."

"కూలగొట్టడమేంటి? ఇల్లు నిక్షేపంగా ఉందిగా!"

"మేమున్నది రెండంతస్తుల తెల్ల ఇల్లు నాయనా, చూసేవాళ్లకి పాతకాలపు కొంపలా లేదని దాన్ని పడగొట్టించారు, ఇది మా పందుల కొట్టం."