మొదటి కొండ ఏది?

“మొదటి వారమే మెడవిరుపు కొండా? నీకేమైనా మతి పోయిందా బావా?”

భోజనాల బల్ల మీద పరిచిన మ్యాపు మీంచి తలెత్తి అడిగాడు డ్రిల్లు మాస్టారు. సర్వేయరు ఎర్ర పెన్సిలు చెవి వెనక దోపుకుని, తాపీగా కుర్చీలో వెనక్కి వాలాడు. ఇద్దరూ రిటైరై చాలా కాలమైంది. అసలు పేర్లు మరుగునపడి, పాత ఉద్యోగాలే పేర్లుగా మిగిలాయి. మాస్టారు సర్వేయరు భార్యకు సొంత అన్న.

పెద్దవాళ్ళ కొండనడక సంఘానికి చలికాలమంతా ఆదివారానికో కొండ. పొద్దున్నే బస్సులో వెళ్ళడం, ఎక్కడం, దిగడం, చీకటి పడేలోగా ఇళ్ళు చేరడం. ఏ వారం ఏ కొండో ముందుగా అనుకుని సంఘం ముందు పెట్టే పని ఈ ఇద్దరిదీ.

“చెరువు పక్క దిబ్బతో మొదలుపెడదాం. తర్వాత గొర్రెల గుట్ట. మెడవిరుపు కొండ సంగతి ఆఖర్న, ఓపికుంటే చూద్దాం” అన్నాడు మాస్టారు.

“దిబ్బలెక్కడానికి సంఘమెందుకు? మా మేడెక్కితే సరిపోదూ?”

వంటింటి గుమ్మంలోంచి భార్య కలగజేసుకుంది. “అన్నయ్య చెప్పినట్టే కానివ్వండి. గుండె సంగతి తెలిసీ ఎందుకండీ ఈ పంతం?”

తెలిసే. అసలు సంగతే అది.

కిందటి నెల సంఘంవాళ్ళందరికీ వైద్యపరీక్షలు చేయించారు. డాక్టరు మాస్టారికి ఒకప్పటి శిష్యుడు. అందరినీ పంపేసి, మాస్టారినీ చెల్లెలినీ మాత్రం లోపలికి పిలిచి తలుపు వేసుకున్నాడు. బయటికొచ్చిన భార్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “అన్నయ్యకి గుండె బాగాలేదటండీ. నిటారు కొండలు ఎక్కకూడదట” అంది దారిలో. అయ్యో అనాల్సిన చోట సర్వేయరు లోలోపల ఈల వేసుకున్నాడు.

పెళ్ళయిన నాటి నుంచీ ‘అదే మా అన్నయ్యయితేనా’ అనే మాట ఆయన చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. దారులు వెతికిందీ, మ్యాపులు గీసిందీ తను. చప్పట్లు మాత్రం బావకి. కిందటేడు నాయకుడిగా ఎన్నుకున్నదీ బావనే. తనేం తక్కువ? ఇదివరకోసారి బీపీ ఉందన్న డాక్టరును “నీకే ఉంది పో” అని దులిపేసి, మాత్రలు కిటికీలోంచి విసిరేసి, మర్నాడే గుట్టెక్కి దిగిన మనిషి.

ఆ సాయంత్రం గ్రంథాలయం పైగదిలో సంఘం కూడింది.

“మొదటి కొండ మెడవిరుపు కొండ అని నేనంటున్నాను. లీడరుగారు వద్దంటున్నారు” అన్నాడు సర్వేయరు. “ఎందుకో ఆయన నోటితోనే చెప్పమనండి.”

మాస్టారు లేచాడు. ఆటస్థలం అదిరేలా అరిచిన గొంతు ఆ పూట బాగా తగ్గించాడు.

“నాకు గుండె బాగాలేదు. నా మొహం చూసైనా ఈ ఏడాదికి చిన్న గుట్టలతో సరిపెట్టండి. చేతులు జోడించి అడుగుతున్నాను.”

ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. సర్వేయరు చెవి వెనక పెన్సిలు తీసి బల్ల మీద టకటకా కొట్టాడు.

“ఒక్కరి గుండె కోసం ఇంతమంది కాళ్ళు కట్టేసుకోవాలా? పోనీ, బావ బస్సు దగ్గర కూర్చుంటాడు. సంచులకి కాపలా ఉండాలిగా!”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ముందు వరసకీ పాకింది. చేతులు లేచాయి. కొండతో పాటు నాయకుడూ మారిపోయాడు. మాస్టారు తన మెడలోని ఈల తీసి, బహుమతి ఇస్తున్నట్టు, నవ్వడానికి ప్రయత్నిస్తూ సర్వేయరు చేతిలో పెట్టాడు.

ఆదివారం తెల్లవారుతూనే భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఈమధ్యే కొత్తగా అలవాటు చేసిన విటమిను మాత్ర అరచేతిలో ఉంది.

“ఇది వేసుకోండి. వెళ్ళేముందు మీకో మాట చెప్పాలి.”

“మీ అన్నయ్య గురించేగా? తిరిగొచ్చాక తీరిగ్గా ఏడుద్దువుగాని.”

“అది కాదండీ, ఒక్క నిమిషం—”

వీధిలో బస్సు హారను మోగింది. ఆవిణ్ణి పక్కకి తప్పించి ఆయన మెట్లు దిగిపోయాడు.

కొండ మొదట్లో మాస్టారు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. “సగం దాకా వెళ్ళి దిగిపో బావా. నా మాట విను.”

“నువ్వెక్కలేకపోతే నేనూ ఎక్కకూడదా?” సర్వేయరు చెయ్యి విదిలించుకుని, అందరికీ వినబడేలా అన్నాడు, “సంచులు జాగ్రత్త!”

ఆ పైన ఈల ఊదుకుంటూ ముందు నడిచాడు. వెనకవాళ్ళు ఆగమన్నా ఆగలేదు. మలుపు మలుపుకీ కిందికి చూశాడు. బస్సు పక్కన బావ చిన్న చుక్కలా కనిపించినకొద్దీ ప్రాణం లేచొచ్చింది. చెమట ధారగా కారుతోంది. ఎండ అనుకున్నాడు. ఎడమ భుజం లాగుతోంది. సంచీ పట్టీ అనుకున్నాడు.

సగం దాటాక మరి వెనక్కి చూడలేదు. కొన చేరి మళ్ళీ చూస్తే బస్సు పక్కన చుక్క లేదు. కొనకి కాస్త కిందనే, రాళ్ళ మధ్య, అందరినీ దాటుకుంటూ, ఒక మనిషి పరుగెత్తుకొస్తున్నాడు. మాస్టారు!

‘ఓర్వలేకపోయాడు. ఈ పంతంతోనే పోతాడు’ అనుకున్నాడు సర్వేయరు. నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే మోకాళ్ళు మడతపడ్డాయి.

నేలకి తల కొట్టుకోకముందే మాస్టారు వచ్చి ఒళ్ళోకి తీసుకున్నాడు. చొక్కా గుండీలు తెంచాడు. కిందివాళ్ళను కేకేసి పిలిచాడు. ఆ గొంతుకి కొండంతా మారుమోగింది.

“గుండె జబ్బుతో... ఆ పరుగేంటి బావా?” సర్వేయరు మాట కూడదీసుకున్నాడు. “చచ్చిపోతావ్.”

మాస్టారి కన్నీళ్ళు ఆయన మొహమ్మీద పడ్డాయి.

“జబ్బు నాది కాదు బావా, నీది.”