ఒకే రంగు దారం

"రెండు కిలోలు! ఈ రెండు కిలోల కోసమా హజ్జా, రెండో పొగగొట్టం వద్దంటున్నావు?" అన్నాడు ఇంజనీరు హాజిమ్, పెద్దావిడ ఫిద్దాతో. సున్నపు మిల్లు తరఫున లెక్కలు చూసేది అతనే. అక్కడి ఆచారం ప్రకారం, అడిగింది దక్కేదాకా తాగనని కాఫీ గిన్నెను ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

ఫిద్దా బదులివ్వబోతే దగ్గు ముంచుకొచ్చింది. ఆమె గుడారంలోనే కూర్చుని, పొగగొట్టం అనుమతి కాగితం మీద సంతకానికి కలం తీసిన జిల్లా అధికారి ఆ దగ్గు తగ్గేదాకా ఆగాడు.

బయట కాటా చుట్టూ ఇరవై నాలుగు గొర్రెపిల్లలు. పన్నెండు మిల్లు దుమ్ములో మేసినవి. పన్నెండు కొండ అవతల మేసి పొద్దున్నే పికప్‌లో దిగినవి. మొహానికి గుడ్డ చుట్టుకున్న ఒక ఆడమనిషి వాటిని చంకకొకటి చొప్పున ఎత్తి కాటా దగ్గరికి మోస్తోంది.

"దుమ్ములోవి సగటున ఇరవై ఒకటి, అవతలివి ఇరవై మూడు సార్. కానీ రెండు మందల్లోనూ బక్కవీ ఉన్నాయి, బండల్లాంటివీ ఉన్నాయి. ఇంత ఎగుడుదిగుడులో రెండు కిలోలు ఒక తేడానా? గాలివాటం," అన్నాడు హాజిమ్ తన లెక్కల కాగితం చూపిస్తూ.

"నీ కాగితం గాలివాటం!" అంది ఫిద్దా. "ఎవరి పిల్లని ఎవరి పక్కన నిలబెట్టావయ్యా? ఇవన్నీ కవలలు. పాలు మరిచాక ఒకదాన్ని ఇక్కడ ఉంచా, ఒకదాన్ని అవతలికి పంపా. ఒక కడుపున పుట్టిన రెండింటికీ ఒకే రంగు దారం కట్టా. మెళ్లో కనబళ్లేదా?"

"అందానికనుకున్నా."

"పెళ్లిళ్లు చేస్తున్నానా వాటికి!"

అధికారి మీసాల్లో నవ్వుకున్నాడు. "రంగు ప్రకారం చదువు, హాజిమ్."

హాజిమ్ చదివాడు. ఎరుపు: ఇక్కడిది పధ్నాలుగు, అవతలిది పదహారు. నీలం: ఇరవై ఎనిమిది, ముప్పై. పసుపు: పంతొమ్మిది, ఇరవై ఒకటిన్నర. చదివేకొద్దీ అతని గొంతు సన్నబడింది. పన్నెండు జతల్లోనూ తక్కువ తూగింది దుమ్ములోదే.

"పన్నెండుకి పన్నెండూ గాలివాటమేనా?" అంది ఫిద్దా. "నీ కాఫీ చల్లారిపోయింది, చూసుకో." మళ్లీ దగ్గు.

అధికారి కలానికి మూత పెట్టాడు. హాజిమ్ వదల్లేదు. "అవి గొర్రెలు సార్! మిల్లు పక్కన ఒక్క మనిషికైనా ఏమన్నా అయిందా? ఈవిడ దగ్గంటారా, డెబ్బై ఏళ్ల ముసలావిడ, దగ్గక ఏం చేస్తుంది?" బయటున్న ఆడమనిషి వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వన్నా మీ అమ్మకి చెప్పు."

ఆమె చంకల్లోని పిల్లలను దించి లోపలికొచ్చింది. మొహానికున్న గుడ్డ లాగేసింది. నిగనిగలాడే బుగ్గలు. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. ఫిద్దా ముడతల గడ్డం మీదా అవే మూడు.

"అమ్మ కాదు బాబూ, నాకంటే పావుగంట చిన్నది. కొండ అవతలికి నన్నిచ్చారు, మిల్లు పక్కకి దీన్నిచ్చారు. పదమూడో జత, రాసుకో."