ఎవరిదో సంవత్సరీకం

"ఆగు! అక్కడే ఆగు!"

గుమ్మంలో అడుగు పెట్టబోతున్న తాపీమేస్త్రి సోమలింగం ఉన్నచోటే ఆగిపోయాడు.

ధర్మరాజు శానిటైజర్ సీసాతో వచ్చి, చేనుకు మందు కొట్టినట్టు అతని మీద తలనుంచి కాళ్లదాకా కొట్టాడు. ఆఖరికి అతని చేతిసంచిని కూడా వదల్లేదు.

"మాస్కు పైకి లాక్కో. ఎక్కణ్ణుంచి వస్తున్నావ్?"

"పర్వత్ పాటియా సార్. మాది సిరిసిల్ల దిక్కు."

"తెలుగువాడివేనా! మనవాళ్ల పనితనం నాకు తెలీనిదా! గోడ తప్ప ఇంకేదీ ముట్టుకోకు."

"గట్లనే సార్" అన్నాడు సోమలింగం.

ఆ ఏడు వానలకు సూరత్ ఆల్థాన్‌లోని ధర్మరాజు ఫ్లాటులో హాలు గోడ చెమ్మెక్కి, ఉబ్బి, పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. చూస్తే గురువారం ఆయన తండ్రి చెరుకుపల్లి భీమశంకరంగారి సంవత్సరీకం. కార్యం నది ఒడ్డున, భోజనాలు ఇంట్లో. ధర్మరాజు పనిచేసే బ్యాంకులో పైఅధికారులు కూడా వస్తారు. వాళ్ల కళ్ల ముందు ఆ గోడ ఉంటే పరువేం కాను?

పరువంటే ధర్మరాజుకు ప్రాణం. నిరుడు కరోనాతో తండ్రి పోయినప్పుడు, ఊరంతా తలుపులు బిగించుకుంటే, తానొక్కడే ఒంటినిండా ప్లాస్టిక్ సూటు తొడుక్కుని శ్మశానానికి వెళ్లి తలకొరివి పెట్టిన వైనం ఆయన నోట వినని తెలుగువాడు సూరత్‌లో లేడు. విన్నప్పుడల్లా భార్య మైథిలి కళ్లు తుడుచుకునేది. ఆయన కూడా తుడుచుకునేవాడు.

సోమలింగం పాత పెచ్చులన్నీ రాల్చి, సిమెంటు కలిపి, పని మొదలుపెట్టాడు.

మైథిలి స్టీలు గ్లాసులో టీ తెచ్చింది.

"నీకేమైనా మతి పోయిందా?" ధర్మరాజు గ్లాసు లాక్కుని, టీ కాగితం కప్పులోకి ఒంపి, చెప్పుల స్టాండు పక్కన నేలమీద పెట్టాడు. "వాళ్లకిది చాలు. ఎవడి నోట్లో ఏముందో ఎవడికి తెలుసు!"

సోమలింగం చెప్పుల పక్కనే కూర్చుని టీ తాగాడు. కప్పు నలిపి తన సంచిలోనే వేసుకున్నాడు.

బుధవారం సాయంత్రానికి ప్లాస్టరింగు అయింది. గోడ నున్నగా చేయడానికి లప్పం పట్టడం మిగిలింది.

"రేప్పొద్దున పెందలాడే వచ్చి అది కాస్తా కానిచ్చెయ్" అన్నాడు ధర్మరాజు.

సోమలింగం నసిగాడు. "రేపు పొద్దుగాల ఒక్క పూట రాను సార్. పగటీలికి వచ్చి చేస్త."

"మధ్యాహ్నం ఇంటినిండా జనం ఉంటారు! అంత రాచకార్యం ఏమొచ్చింది?"

"సంవత్సరీకం ఉంది సార్. చెయ్యాలె."

"ఎవరిది? మీ నాన్నదా?"

"కాదు సార్."

"మీ మామదా?"

"కాదు సార్. ఎవరో పెద్దమనిషిది."

ధర్మరాజు పకపకా నవ్వాడు.

"విన్నావా మైథిలీ? ఎవరో పెద్దమనిషి సంవత్సరీకమట! అబద్ధమైనా అతికినట్టు ఉండాలయ్యా. డుమస్ బీచికి పోయి భజియాలు తింటానని చెప్పరాదూ!"

"అబద్ధం గాదు సార్. జర ఒక్క పూట..."

"సొంతవాళ్లకే దిక్కులేని రోజుల్లో ఊరివాళ్లకు పిండాలు పెట్టే పుణ్యాత్ముడివా నువ్వు? ఈ వేషాలు నా దగ్గర కాదు. రేప్పొద్దున రాకపోతే ఇక ఎన్నడూ ఈ గడప తొక్కకు."

సోమలింగం ఒకసారి తడిగోడ వంక చూశాడు. పనిముట్లు కడిగి సంచిలో వేసుకున్నాడు.

"గోడకు నీళ్లు గొట్టుండ్రి సార్. లేకుంటే పగులుతది."

"నాకు పాఠాలు చెప్పకు. ఫో!"

అతను మెట్లు దిగిపోయాక మైథిలి అంది. "పాపం, నిజమేనేమోనండీ."

"నేతిబీరకాయలో నెయ్యెంతో వీళ్ల మాటల్లో నిజమంత" అన్నాడు ధర్మరాజు.

గురువారం పొద్దున గోడకు పరదా వేలాడదీసి, దంపతులిద్దరూ తపతీ నది ఒడ్డుకు వెళ్లారు. సన్నగా తుంపర పడుతోంది.

"ముందు ఒకాయన ఉన్నాడు. ఎంతోసేపు పట్టదు, కాస్త ఆగండి" అన్నారు పంతులుగారు.

తడిపంచెతో పీట మీద కూర్చున్న ఆ మనిషి ముఖానికి మాస్కు లేదు. ధర్మరాజు మొదట పోల్చుకోలేదు. గొంతు వినగానే ఒళ్లు మండింది.

"చూశారా, నిజంగానే వచ్చాడు" అంది మైథిలి.

"వస్తాడు మరి! ఎవరో కూలిచ్చి కూర్చోబెట్టి ఉంటారు. వీళ్లు దర్భలైనా కూలికే పడతారు."

పంతులుగారు అడిగారు. "గోత్రం?"

"ఎరుకలేదు పంతులుగారూ."

"తెలియకపోతే కాశ్యప గోత్రం అనుకోవాలి. పేరైనా తెలుసా?"

"తెలుసు. చెరుకుపల్లి భీమశంకరం."

మైథిలి మెల్లగా భర్త వైపు తిరిగింది.

ధర్మరాజు నది వైపు చూస్తున్నాడు.

"నీకేమవుతారు?" అన్నారు పంతులుగారు.

"ఏం గారు. నిరుడు కరోనల పనులు బందైతే శ్మశానంల సేవకు పోయిన. ఈయన కోసం ఎవ్వరు రాలే. శవాన్ని గట్టిన సంచి మీద పేరొక్కటే ఉండె. కొరివి నేనే పెట్టిన. పెట్టినంక నడిమిట్ల ఇడిసిపెట్ట మనసొప్పలే."

"అయ్యో! ఆయనకు పిల్లల్లేరా?"

సోమలింగం దోసిట్లోంచి నీళ్లు వదులుతూ అన్నాడు.

"లేనట్టున్నరు పాపం. ఉంటే రాకుండ ఉంటరా?"