పేర్లు లేని రిపోర్టు

"కోడ్‌లో ఆ ఫంక్షన్ రాసింది నేనే, ట్రెంట్. నా పేరు రాయి," అంది ఇంగ్రిడ్.

మేనేజరు ట్రెంట్ ప్రమాదం రిపోర్టు టైపు చేయడం ఆపలేదు. "మన రివ్యూల్లో పేర్లుండవని తెలీదా నీకు? తప్పు మనిషిది కాదు, పద్ధతిది."

"ఏం పద్ధతి? రోగి వివరాలు పెట్టెలో పెట్టెలా ఉంటాయి. అడిగింది దొరక్కపోతే ప్రోగ్రాం ఆగిపోకుండా 'లేదు' అని చెప్పేలా రాసింది నేను. కొత్త ఆసుపత్రివాళ్లు అలర్జీని ఇంకో పెట్టె లోపల పెట్టారు. నా కోడ్ పాతచోటే వెతికి, 'అలర్జీ: లేదు' అని చూపించింది. నర్సు అది నమ్మి పెన్సిలిన్ ఇచ్చేసింది."

"పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఆగలేదది. అందుకేగా నీకు అవార్డిచ్చాం!"

ఇంగ్రిడ్ స్క్రీన్ మీద 'రోగి పేరు' అన్న గడిని వేలితో చూపించింది. "పోనీ, చనిపోయినావిడ పేరైనా రాయి. లోర్నా పెల్కీ."

"అదీ కుదరదు తల్లీ. రోగుల పేర్లు బయటపెట్టకూడదు." ఆ గడిని ఖాళీగా వదిలేసి ట్రెంట్ సేవ్ నొక్కాడు.

ఫారం కిక్కురుమనకుండా సేవ్ అయింది. అది కూడా ఇంగ్రిడ్ ఫంక్షన్ మీదే నడుస్తుంది. ఖాళీ గడిలోకి ఆమె రాసిన మాటే వచ్చి కూర్చుంది.

"రోగి పేరు: లేదు."