పద్నాలుగు భాషల కిటికీ

అన్న తరఫున చెల్లెలు మాట్లాడితే చెల్లదని నగరపాలక కార్యాలయంలో గుమాస్తా ఖరాకండిగా చెప్పేసింది.

అప్పటికే చెల్లెలు ఆ ఊరి భాషలో గుక్క తిప్పుకోకుండా సంగతంతా చెప్పింది. అన్న ఇళ్లకు రంగులేసే మేస్త్రీ. ఇంట్లో ఎవరూ ఉండటం లేదని పొరపాటున రాసుకుని కుళాయి కట్టేశారు. లోపల పది రోజుల బాలింత ఉంది. అతను మూడంతస్తులూ బిందెలతో నీళ్లు మోస్తున్నాడు. ఈ రోజు నాలుగు దాటితే ఫైలు మూసేస్తారు, మళ్లీ తెరవాలంటే ఆరు నెలలు.

"బాగా చెప్పావమ్మా, అంతా అర్థమైంది," అంది గుమాస్తా జాలిగా. "కానీ నేను విన్నట్టు కాదు. రక్తసంబంధీకులు అనువాదం చెయ్యకూడదు. మీ మేలు కోసమే పెట్టాం ఈ రూలు."

గోడమీది బోర్డు చూపించింది. పద్నాలుగు భాషల్లో సేవలందిస్తామని దానిమీద రాసి ఉంది, ఆ ఊరి భాషలో మాత్రమే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు.

"ఏమంటోందే?" అన్నాడు మేస్త్రీ.

"అర్థమైందట. కానీ అర్థం కాలేదట."

మేస్త్రీకి ఒళ్లు మండింది. పోయిన నెల ఒక్కడే వచ్చి, ఇదే కిటికీలో ఇచ్చిన, తనకు చదవడం రాని కాగితం మీద చూపించిన చోటల్లా టిక్కులు కొట్టి సంతకం పెట్టి వెళ్లాడు. దానికి అతీగతీ లేదు. అదేమైందని చెల్లెలు అడిగితే, గుమాస్తా నీళ్ల ఫైళ్లన్నీ ఓపిగ్గా తిరగేసి అలాంటిదేమీ రాలేదంది.

"మా తెలుగు అనువాదకుడొచ్చి ఒక్క మాట చెబితే చాలు, సంతకం పెట్టేస్తాను," అని కూడా అంది.

మరి పిలవమంది చెల్లెలు. గుమాస్తా నిట్టూర్చింది. చేర్చుకుని నెలైనా ఆ మనిషి ఒక్క రోజూ రాలేదట. ఫోను చేస్తే ఏదో గొణిగి పెట్టేస్తాడట. ఇలాంటి బద్ధకస్తుల వల్లే వలస వచ్చినవాళ్లందరికీ చెడ్డపేరట.

చెల్లెలు అది తెలుగులో చెప్పగానే మేస్త్రీ బల్ల మీద చరిచాడు. "పసిగుడ్డుకి స్నానానికి నీళ్లు లేక మేం చస్తుంటే ఎక్కడ పడుకున్నాడట ఆ పెద్దమనిషి? కనబడితే నాలుగు దులిపేస్తాను."

నాలుగవడానికి ఇంకా పది నిమిషాలుంది. ఆఖరిసారి చూద్దామని గుమాస్తా అనువాదకుల రిజిస్టరు ముందు పెట్టుకుని, ఫోనులో ఒక్కొక్క అంకే నొక్కింది.

మేస్త్రీ చొక్కా జేబులో ఫోను మోగింది.

గుమాస్తా ముఖం విప్పారింది. "హమ్మయ్య, దొరికారు," అంది చెల్లెలితో. "మీ అన్నయ్య ఏమంటున్నాడో మా భాషలో చెప్పమనమ్మా ఆయన్ని."